మేడం పెట్టని సంతకం

నేను ప్రభుత్వ జీపు డ్రైవర్ని. పేరు ఓబుళేశు. ఇరవై నాలుగేళ్ళ సర్వీసులో పదకొండుమంది ఆఫీసర్లను తిప్పాను. ఎక్కగానే గురక పెట్టే మహానుభావులూ ఉన్నారు, జీపులో ఏసీ లేకపోవడం నా తప్పయినట్టు దిగేదాకా నా వైపు ఉరిమి చూసినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ గురించి చెప్పమంటే రెండు ముక్కల్లో తేల్చేస్తాను. సుచరిత మేడం గురించి మాత్రం తీరిగ్గా చెప్పాలి. ఆమె తన గురించి తాను చెప్పుకోదు. ఆఫీసు ఎలాగూ చెప్పదు. ఇక మిగిలింది నేనే.

సంగతేమిటంటే, ఆపదలో ఉన్నవాళ్ళు ఫోన్ చేసే అత్యవసర నంబరు ఉంది కదా, దాని వెనక నడిచే పాత లైన్లు తీసేసి రాష్ట్రమంతా కొత్త నెట్‌వర్కు పెట్టాలనుకున్నారు. పాత పద్ధతిలో కడప వాళ్ళు ఫోన్ చేస్తే కడప కంట్రోల్ రూములోనే ఎత్తేవాళ్ళు. నాలుగు మాటలు అడిగి, ఏ దారినో కనుక్కుని, అంబులెన్సు పంపేవాళ్ళు. కొత్త పద్ధతిలో రాష్ట్రంలో ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు ఎత్తుతారు. ఫోన్ మోగీ మోగక ముందే ఆ మనిషి ఎక్కడున్నాడో తెర మీద చుక్క పడుతుంది. చుక్క పడితే ఇక ఎక్కడున్నావని అడిగే పని లేదు. ఏమైందో అడిగి బండి పంపేయడమే. ఇరవై సెకన్లు మిగులుతాయి. చెవిటివాళ్ళు, మూగవాళ్ళు మెసేజ్ పెట్టినా చాలు, సాయం వస్తుంది. మంచి ఏర్పాటే. ఆ మాట మేడమే నాతో వంద సార్లు అంది.

అయితే పాత లైన్లు కోసేముందు, కొత్తది సరిగ్గా పనిచేస్తోందని ప్రతి జోన్‌లో ఒక అధికారి పరీక్షించి సంతకం పెట్టాలని నియంత్రణ మండలి నిబంధనలు రాసింది. సంతకం పడిన పదిహేను రోజులకు పాత లైన్లు పోతాయి. కర్నూలు, కడప కలిపి మా జోన్. మా జోన్‌కు ఆ సంతకం సుచరిత మేడమ్‌ది.

ఆమెది కర్నూలే. వన్‌టౌన్‌లో వాళ్ళ నాయనకు ఇనుప సామాన్ల కొట్టుండేది. లారీ డ్రైవరు చెప్పిన తూకం నమ్మకుండా ప్రతి కట్టనూ మళ్ళీ కాటా ఎక్కించేవాడని కర్నూల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన బిడ్డ చేతికి ఫైలు ఇచ్చి 'చూడకుండా సంతకం పెట్టమ్మా' అంటే పెడుతుందా?

ఏప్రిల్లో ఒకరోజు టెండరు కంపెనీ ఇంజనీరు భూపేష్ నవ్వు మొహంతో ఫైలు తెచ్చాడు. మండలానికి ముప్పై పరీక్ష కాల్స్. అన్నీ పాస్. రెండు జిల్లాలూ పది రోజుల్లో పూర్తి. అదే సమయానికి పైనుంచి తేజేశ్వర్ సార్ ఫోన్. ఆయన మేడం పై అధికారి. పనిమంతుడు, కాకపోతే తేదీ అంటే ప్రాణం పెడతాడు. మే నెలాఖరుకు రాష్ట్రమంతా మారిపోవాలని, ముందు పూర్తి చేసిన మూడు జోన్లకు కొత్త వాహనాలు ఇప్పిస్తానని చెప్పాడు. స్పీకర్ ఆన్‌లో ఉంది. నేను టీ ఇవ్వడానికి వచ్చి అక్కడే నిలబడిపోయాను.

నా జీపు సంగతి మీకు తెలియదు. ఎడమ తలుపు తెరవాలంటే బయటినుంచి ఒకరు లాగాలి, లోపలినుంచి ఒకరు తన్నాలి. కొత్త వాహనం అనే మాట చెవిన పడగానే నా కళ్ళ ముందు తెల్ల బొలెరో నిలబడింది.

"సంతకం పెట్టేయండి మేడం. అన్నీ పాసే కదా" అన్నాను.

ఆమె నన్ను చూడలేదు. భూపేష్‌ని చూసింది.

"ఈ ముప్పై ఫోన్లూ ఎవరు చేసినారు?"

"మా స్టాఫే మేడం."

"ఏ ఫోన్లతో?"

"కంపెనీ ఫోన్లు. కొత్త మోడలు."

"యాడ నిలబడి?"

"మండలాఫీసుల ముందర. సిగ్నల్ బాగుంటుంది కదా మేడం."

ఆమె నిబంధనల పుస్తకం తీసి ఒక వాక్యం మీద వేలు పెట్టింది. 'పరీక్ష కాల్స్ సాధారణ ప్రజలు చేసే తీరున చేయవలెను' అని ఉంది. రాసినవాళ్ళు కూడా అంత పట్టించుకుని రాసి ఉండరు.

"మండలాఫీసు ముందర నిలబడితే ఎవరి మిందన్నా బండ పడతాదా భూపేష్?" అని అడిగింది. అతని నవ్వు అక్కడితో ఆగింది. మరునాడు పొద్దున్నే ముగ్గురం బండల గనులకు బయలుదేరాం.

కడప బండలు మీకు తెలుసు. మీ ఇంట్లోనూ ఉండి ఉంటాయి, వంటగది గట్టు కిందో, పెరట్లో బట్టలుతికే చోటో. అవి నేలలోంచి పొరలు పొరలుగా లేస్తాయి. తవ్వగా తవ్వగా మూడంతస్తుల లోతు గుంతలు తేలతాయి. మేం పోయిన గుంతలో యాభైమంది పనిలో ఉన్నారు. సగం మంది కర్నూలు పడమటి వైపు నుంచి వలస వచ్చినవాళ్ళే. అక్కడ వానలు లేక, చేలు ఎండి, పిల్లాపాపలతో ఇటు వస్తారు.

అక్కడ కనిపించింది ఈరమ్మ. ముప్పై అయిదేళ్ళుంటాయి. మొగుడు ఉరుకుందు గునపంతో బండ లేపుతుంటే, పగిలిన ముక్కలు తట్టకెత్తి మోస్తోంది. బటన్ ఫోనును గుడ్డ సంచిలో పెట్టి నడుముకు కట్టుకుంది. మేడం ఆమె పక్కన రాతి మీదే కూర్చుని, పరీక్ష అంటే ఏమిటో చెప్పి, "ఈ నంబరుకు ఫోన్ చేసి, మా ఆయన మింద బండ పడిందని చెప్పమ్మా" అంది.

ఈరమ్మ తట్ట కింద పడేసింది.

"యాల అట్ల అంటావు తల్లీ? నోటికి అంత మాట ఎట్ల వస్తాది? ఈరన్న సామి మింద ఒట్టు, నేను అనను."

నాకు నవ్వొచ్చింది. భూపేష్‌కు విసుగొచ్చింది. మేడమ్‌కు మాత్రం తప్పు చేశానని అర్థమైంది. "నిజమే, నేను అడగకూడదు. నా మింద పడిందని చెప్పు" అంది. ఈరమ్మ ఒకసారి మేడమ్‌ని కిందా మీదా చూసింది. ఆఫీసర్ మీద బండ పడ్డానికి ఆమెకేమీ అభ్యంతరం లేకపోయింది.

"అప్పా, ఈడ ఆఫీసరమ్మ మింద బండ పడిండాది. బిరీన రాండి!" అని గుంతంతా వినపడేట్టు అరిచింది.

అవతల కొత్త కేంద్రంలో ఎవరో, "మీ లొకేషన్ అందింది, అంబులెన్స్ బయలుదేరుతోంది" అని పెట్టేశారు. పందొమ్మిది సెకన్లు. పరీక్ష కాల్ కాబట్టి బండి రాదు, చుక్క మాత్రం మేడం చేతిలోని ట్యాబ్‌లో పడుతుంది. భూపేష్ మళ్ళీ నవ్వు తెచ్చుకున్నాడు.

మేడం ట్యాబ్ నాకు చూపించింది. "ఓబుళేశన్నా, ఇదెక్కడ?"

చూశాను. చుక్క కొండకు అవతలి వైపుంది. టవరు పక్కన. మేమున్నది ఇవతల గుంతలో.

భూపేష్ సంజాయిషీ ఇచ్చాడు. గుంత లోతు వల్ల దగ్గరి టవరు అందదట. కొండ మీంచి తొంగిచూసే అవతలి టవరే అందుతుందట. బటన్ ఫోను తానెక్కడుందో చెప్పలేదు కాబట్టి, టవరున్న చోటే చుక్క పడుతుందట. "ఇట్లాంటివి రాష్ట్రం మొత్తం మీద ఒక్క శాతం కూడా ఉండవు మేడం" అన్నాడు.

"ఈ గుంతలో నూటికి నూరు" అంది మేడం.

తర్వాత కొత్త కేంద్రానికి తనే ఫోన్ చేసి, ఈసారి చుక్క పడినా ఎక్కడున్నారని అడగమని చెప్పింది. ఈరమ్మ మళ్ళీ ఫోన్ చేసింది. "మీది ఏ ఊరమ్మా?" అని అడిగారు.

"కోసిగి పక్కన హొసగేరి" అంది ఈరమ్మ తడుముకోకుండా.

కోసిగి అక్కడికి రెండొందల కిలోమీటర్ల పైమాటే. చుక్క కొండ అవతలికి పోయింది, మాట కర్నాటక సరిహద్దుకు పోయింది. గుంతలో ఉన్న మనిషి గుంతలోనే ఉంది. భూపేష్ నెత్తి పట్టుకున్నాడు. నేను మాత్రం నవ్వలేకపోయాను. నన్ను హైదరాబాదులో నిలబెట్టి ఏ ఊరని అడిగినా నేను మా ఊరే చెబుతాను. మావాళ్ళంతా అంతే. కూలికి పోయిన చోటు ఎంతకాలమున్నా మా నోట ఊరనిపించుకోదు.

"ఈరమ్మా, నువ్వుండేది ఈడ గదా, ఆ ఊరెందుకు చెప్పినావు?" అంది మేడం.

"యా ఊరని అడిగితే మా ఊరు చెప్పక మీ ఊరు చెప్తానా? యాడుండావో కావాలంటే ఎవరి పనికి వచ్చినావని అడగాల. బొజ్జన్న బండలకని చెప్తా."

బొజ్జన్న పోయి ఇరవై ఏళ్ళట. గని మూడు చేతులు మారింది. సర్కారు కాగితాల్లో దానికొక నంబరు, వేరే ఎవరిదో పేరు. కానీ కూలివాళ్ళకూ లారీవాళ్ళకూ టీకొట్టుకూ అది బొజ్జన్న బండలే. మేడం పెన్ను తీసి ఆ ప్రశ్నను అక్షరం పొల్లుపోకుండా ఫైలు మీద రాసుకుంది. ఎంత చదువుకున్నవాళ్ళకూ తట్టని మాట ఆమె తట్ట పక్కన పెట్టుకుని చెప్పేసింది.

వారం రోజుల్లో ఇరవై గనులు తిరిగాం. ప్రతి చోటా ఇదే కథ. మేడం సంతకం పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో నాలుగు పేజీలు రాసి మండలికి పంపింది.

ఆ తర్వాత నెల రోజులు మాకు నరకం. తేజేశ్వర్ సార్ వారం వారం వీడియో మీటింగులో రాష్ట్రం పటం చూపించేవాడు. సంతకం పడిన జిల్లాలు పచ్చగా, పడనివి ఎర్రగా. మే మొదటివారం నాటికి రాష్ట్రమంతా వరిచేనులా పచ్చబడింది. మా రెండు జిల్లాలే ఎర్రగా మిగిలాయి. "రాయలసీమ కదా సార్, పచ్చదనం కష్టం" అని ఎవరో జోకు కూడా వేశారట. మేడం ప్రమోషన్ లిస్టులో మొదటి పేరని అందరికీ తెలుసు. ఆ పేరు కిందికి జారుతోందని నాకు ప్యూన్ల ద్వారా తెలిసింది. కొత్త వాహనాలు మూడు వచ్చాయి, వేరే జోన్లకు. ఆఫీసు ముందర టీకొట్టులో మారెన్న, "ఏమప్పా ఓబుళేశూ, మీ మేడానికి సంతకం చేసేదానికి రాదా యేంది?" అని అడిగితే నలుగురూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఉన్నదున్నట్టు చెబుతున్నాను, ఆ రోజుల్లో ఆమె బండి తోలుతున్నందుకు సిగ్గుపడ్డాను.

మే నెల మూడోవారంలో మండలి సభ్యుడొకాయన విచారణకు కడప వచ్చాడు. కలెక్టరేట్ హాల్లో ఏర్పాటు. మెట్ల దగ్గర జీపు ఆపి, తలుపు బయటినుంచి లాగి, ఆమె దిగకముందే అన్నాను.

"పెట్టేయండి మేడం. ఇంగా టైముండాది. లోపలికి పోయినాక చేతుల్లో ఉండదు. నా కోసం కాదు, మీ కోసం చెప్తాండా."

"నాకోసమైతే చెప్పొద్దన్నా" అంది. కోపంగా కాదు. అలసిపోయినట్టుగా అంది. ఫైలు గుండెలకు హత్తుకుని మెట్లెక్కింది.

డ్రైవర్లను లోపలికి రానివ్వరు. కానీ ఆ రోజు ఎండ నలభై అయిదు దాటింది, అటెండరు నాకు తెలిసినవాడు. తలుపు పక్కన గోడకానుకుని నిలబడ్డాను.

తేజేశ్వర్ సార్ ముందు మాట్లాడాడు. బాగానే మాట్లాడాడు, కాదనను. పాత లైన్లకు విడిభాగాలు దొరకడం లేదన్నాడు. ఒక్క జోన్ కోసం రాష్ట్రం ఆగిపోయిందన్నాడు. పచ్చబడిన జిల్లాల్లో ఒక మూగమ్మాయి మెసేజ్ పెట్టి ఇంట్లో మంటల్లోంచి బయటపడిన సంగతి చెప్పాడు. "కర్నూలు, కడపల్లో అట్లాంటి అమ్మాయిలు లేరా? వాళ్ళను ఎన్నాళ్ళు ఆపుతారు?" అన్నాడు. హాలంతా తలలూపింది. ఆ గోడ దగ్గర నేనూ ఊపాను.

మేడం లేచింది. "సార్ చెప్పిందంతా నిజం. కొత్తదాన్ని నేను వద్దనడం లేదు. రేపే మొదలుపెట్టండి. పాతది కోయకుండా రెండూ నడపండి అంటున్నాను. నిబంధనల్లో రెండు మాటలు కలపండి అంటున్నాను. పరీక్ష ఫోన్లు అక్కడి జనం, వాళ్ళ సొంత ఫోన్లతో చేయాలి. చుక్క మనిషిది కాకుండా టవరుది అయినప్పుడు తెర మీద రంగు మారాలి, రంగు మారితే మాట అడిగి తీరాలి."

"మాట అడిగితే వాళ్ళ సొంత ఊరు చెబుతారని మీరే రాశారు కదమ్మా" అన్నాడు సభ్యుడు. పెద్దాయన, పేజీ వదలకుండా చదివినట్టున్నాడు.

"ఏ ఊరని అడిగితే అంతే సార్. ఎవరి పనికి వచ్చినావని అడిగితే సరిగ్గా చెబుతారు."

ఆయన కళ్ళద్దాలు తీశాడు. "ముందు, ఇప్పుడెలా జరుగుతోందో నాకు వినిపించండి" అన్నాడు.

మేడం ఈరమ్మకు ఫోన్ చేసింది. ఈరమ్మ ఆ పరీక్ష నంబరుకు చేసింది. గోడ మీద పెద్ద తెర, హాలంతా వినపడే స్పీకరు. "అప్పా, ఆఫీసరమ్మ మింద మల్లా బండ పడిండాది" అని ఆమె గొంతు కలెక్టరేట్లో మోగేసరికి జనం గొల్లుమన్నారు. చుక్క పడింది. 'లొకేషన్ అందింది' అని అవతలి గొంతు చెప్పి పెట్టేసింది. నవ్వులు ఇంకా అయిపోలేదు.

"ఈ చుక్క నుంచి ఆ గనికి రోడ్డు మీద ఎంత దూరం?" అని సభ్యుడు అడిగాడు.

భూపేష్ ట్యాబ్‌లో వెతుకుతున్నాడు. తేజేశ్వర్ సార్ పక్కవాళ్ళను చూస్తున్నాడు. మేడం ఏదో చెప్పబోయింది. నేనెందుకు నోరు తెరిచానో ఇప్పటికీ నాకు తెలియదు.

"ఇరవై రెండు కిలోమీటర్లు సార్. కొండ చుట్టి రావాల. వాగు పారితే ముప్పై."

అందరూ వెనక్కి తిరిగారు. "ఎవరు నువ్వు?"

"డ్రైవర్ని సార్."

"అంబులెన్సుకు ఎంత సేపు?"

"ఎంత మంచి డ్రైవరైనా నలభై నిమిషాలు సార్. ఆ దోవన నేను పోయినా అంతే."

హాల్లో నవ్వులు ఆగిపోయాయి. సభ్యుడు కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని ఏదో రాసుకున్నాడు. మేడం నా వైపు ఒక్కసారి చూసింది. గంట కిందట సంతకం పెట్టేయమన్నవాడిని, ఇప్పుడు ఆమె పక్షాన సాక్ష్యం చెప్పినవాడిని, నేనే. తలదించుకున్నాను.

ఉత్తర్వు నాలుగు రోజుల్లో వచ్చింది. ఆమె అడిగిన రెండు మాటలూ నిబంధనల్లోకి ఎక్కాయి, రాష్ట్రం మొత్తానికీ. రంగు మారితే ఏ ఊరని కాదు, ఎవరి పనికి వచ్చారని అడగాలన్న ఈరమ్మ ప్రశ్న కూడా వాటితో పాటే ఎక్కింది. మా జోన్‌కు నాలుగు నెలల గడువు. ఆలోగా, జనం పిలిచే పేర్లతో ప్రతి గనినీ పటం మీద పెట్టాలి.

ఆ నాలుగు నెలలూ ఎలా తిరిగామో చెప్పాలంటే నా నడుమునే అడగాలి. మూడొందల పదహారు గనులు. గని కాగితాల మీద ఉన్న పేరు వద్దు, కూలివాళ్ళు పిలిచే పేరు కావాలి. గుడ్డోని గుంత, సాయిబు బండలు, ఆరుమంది గని. ఒక్కో గనికి మూడేసి పేర్లుంటే మూడూ ఎక్కించాలి. మేడం ప్రతి గుంతలోకీ తానే దిగేది. అడుగున నిలబడి, అక్కడి కూలి చేత అక్కడి ఫోనుతోనే చేయించేది. ఒకసారి వడదెబ్బకు రాళ్ళ మీద కూలబడిపోయింది. సోడా తాగించి నీడకు తీసుకొస్తే, "ఇంకా రెండున్నాయి గదన్నా ఈ పక్క" అంది. ఆ రోజు నేను జీపు దిగి ఆమె వెనకే గుంతలోకి నడిచాను. ఆ తర్వాత ఒక్క గుంతకూ ఆమెను ఒంటరిగా పంపలేదు. రెండు చేతులా స్టీరింగు తప్ప పట్టని నేను పటం మీద గుర్తు పెట్టడం నేర్చుకున్నాను. మూడొందల పదహారులో నూటపది గుర్తులు నావి. ఎవరడిగినా చెబుతాను. అడక్కపోయినా చెబుతాను.

అక్టోబరు మొదటివారంలో ఆమె సంతకం పెట్టింది. రాష్ట్రంలో అందరికంటే ఆఖర్న. పటం పూర్తిగా పచ్చబడిన రోజున పైన స్వీట్లు పంచుకున్నారని విన్నాం. మాకు ఒక మెయిల్ వచ్చింది, ఆలస్యానికి కారణాలు తెలపమని. ప్రమోషన్ ఆమె కింద పనిచేసినవాడికి పోయింది. మేడం ఆ మెయిల్‌కు జవాబు రాసి, టిఫిన్ డబ్బా తెరిచి, నాకొక చెక్క ఇచ్చింది. ఆ రోజు టీకొట్టులో మారెన్న నోరు తెరవబోతే, "మా మేడం ఆఖర్న వచ్చింది, అవును. నూటపది నేనే పెట్టినా. నువ్వేం పెట్టినావప్పా?" అని అడిగాను. వాడు టీ పెట్టానన్నాడు. నలుగురూ నవ్వారు, ఈసారి నేనూ నవ్వాను.

కార్తీకమాసంలో ఒకరోజు కడపలోనే ఉన్నాం. పొద్దున మేడం ముందురోజు కాల్స్ నివేదిక చదువుతూ ఉన్నట్టుండి లేచి నిలబడింది. కాగితం నాకు చూపించింది. ఒకే వరుస. బండ పడి కాలు నలిగిన మనిషి. చోటు: బొజ్జన్న బండలు. కాల్ నుంచి చేరడానికి: పదిహేడు నిమిషాలు.

"పదన్నా" అంది. నేను అప్పటికే తాళాలు తీశాను.

ఆసుపత్రి వరండాలో గోడకు చేరగిలబడి కూర్చుని ఉంది ఈరమ్మ. చీర నిండా ఎండిన నెత్తురు. మమ్మల్ని చూసి లేవబోయింది, మేడం లేవనివ్వకుండా తనే కింద కూర్చుంది. ఉరుకుందుకు ఆపరేషన్ అయిపోయిందట. కాలు నిలబెట్టారట. అదంతా చెప్పి, ఈరమ్మ మేడం చెయ్యి పట్టుకుంది.

"ఫోన్ చేస్తి తల్లీ. ఎవరో ఆయప్ప ఎత్తినాడు. మన పక్కోడు కాదు, సముద్రం పక్క మాట వాంది. ఎవరి పనికి వచ్చినావమ్మా అని అడిగె. బొజ్జన్న బండలకంటి. అంతే, మల్లా ఏమీ అడగల్యా. బండి వచ్చె."

మేడం చెంపల మీద నీళ్ళు జారుతున్నాయి. కళ్ళు తుడుచుకోవాలని కూడా తోచనట్టు అలాగే కూర్చుంది. ఆమె ఏడవడం నేను చూడ్డం అదే మొదలు. గుంతలో కూలబడిన రోజు కూడా ఏడవలేదు.

డాక్టరు వస్తే ఆమె లేచి ఆయన దగ్గరకు పోయింది. నెత్తురు బాగా పోయిందని, ఇంకో ఇరవై నిమిషాలు ఆలస్యమై ఉంటే కాలు సంగతి దేవుడెరుగు, మనిషే దక్కేవాడు కాదని ఆయన చెబుతున్నాడు. నాకు వినపడుతూనే ఉంది. పదిహేడుకు ఇరవై కలిపితే ముప్పై ఏడు. చుక్క దగ్గర్నుంచి కొండ చుట్టి రావడానికే నలభై. ఆ లెక్క హాల్లో అందరి ముందూ చెప్పిన నోరే ఇది.

ఉండబట్టలేకపోయాను. ఈరమ్మ ఎదురుగా గొంతుక్కూర్చుని చెప్పేశాను.

"ఈరమ్మా, నీకొక మాట చెప్పాల. ఆ పొద్దు మేడమ్‌ని సంతకం పెట్టేయమని పోరు పెట్టింది నేనే. ఒగసారి కాదు, రెండు సార్లు. కొత్త బండికి ఆశపడితి. నా మాట విని పెట్టింటే ఉరుకుందు ఈ పొద్దు..."

ఈరమ్మ కొంగుతో మొహం తుడుచుకుని నా వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా పడేవాడిని.

"చెప్తే చెప్పినావులేప్పా" అంది. "ఆయమ్మ ఇనల్యా గదా."

నిజమే, వినలేదు. ఇరవై నాలుగేళ్ళలో నా మాట చెవిన పెట్టని ఆఫీసర్లు చాలామందే ఉన్నారు. వినకపోయినందుకు చేతులెత్తి మొక్కాలనిపించింది మాత్రం ఈ ఒక్కామెకే.